చదివితే అర్థమవుతోంది, వింటే అర్థం కావట్లేదు. పాటలు, రేడియో, వీడియోలు అన్నీ వింటున్నాను. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

పాలకొల్లు_సిస్టర్:

అందరికీ నమస్తే. నేను స్టాఫ్ నర్సుని. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం, ఆ తర్వాత బీఎస్సీ నర్సింగ్. ఆరేళ్లుగా హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేస్తున్నాను. యూకే వెళ్లాలని ఓఈటీ రాస్తున్నాను, అంటే నర్సులు, డాక్టర్లు లాంటివాళ్లకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష. ఇప్పటికి రెండుసార్లు రాశాను. రీడింగ్, స్పీకింగ్ రెండిట్లోనూ బీ గ్రేడ్ వచ్చేసింది. రైటింగ్‌లో 300 వస్తే చాలు, అదీ దాటింది. లిజనింగ్ ఒక్కటే అందట్లేదు. 350 కావాలి. మొదటిసారి 320 వచ్చింది. నాలుగు నెలలు కష్టపడి మళ్లీ రాస్తే 310. ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి చెప్పడానికి నోరు రాలేదు. మా నాన్న మూడు రోజుల తర్వాత తనే అడిగారు.

ఆ నాలుగు నెలలూ నేను చేసింది ఇదీ. పొద్దున కూకట్‌పల్లి నుంచి బస్సులో వెళ్లేటప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇంగ్లీషు పాటలు. వంట చేసేటప్పుడు ఫోన్‌లో ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలు. రాత్రి ముప్పై రోజుల్లో ఇంగ్లీషు అని చెప్పే వీడియోలు గంటన్నర. కోచింగ్ సెంటర్లో 'వింటూ ఉండమ్మా, వినగా వినగా అదే వస్తుంది' అన్నారు. విన్నాను. రాలేదు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ప్రాక్టీస్ టెస్టులో ఒక పేషెంటు తన బీపీ మాత్ర గురించి చెబుతోంది. నాకు 'బెనిఫిట్' అని వినిపించింది. మాత్ర వల్ల లాభం ఉందంటోంది అనుకుని అదే రాశాను. తర్వాత స్క్రిప్ట్ తీసి చూస్తే అక్కడున్నది 'ఐ హావ్ బీన్ ఆఫ్ ఇట్'. అంటే మాత్ర మానేసింది! ఒక నర్సుగా నాకు చెమటలు పట్టాయి. మార్కు పోయినందుకు కాదు. నిజం పేషెంటు అయితే నేను కేస్ షీట్‌లో ఏం రాసేదాన్ని?

చదివితే మెడికల్ జర్నల్ కూడా అర్థమవుతుంది. చెవి దగ్గరికి వచ్చేసరికి ఏమవుతోందో తెలియట్లేదు. ఇలాంటి దశ దాటినవాళ్లు ఎవరైనా ఉంటే ఏం విన్నారో, ఎలా విన్నారో చెప్పండి. డ్యూటీ పోను రోజుకి గంట, గంటంబావు దొరుకుతుంది.

బీచ్‌రోడ్_వైజాగ్:

సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఇంగ్లీషు సిరీస్‌లు చూడండి సిస్టర్. నాకు అలాగే వచ్చింది. ఏడాది పట్టింది కానీ ఇప్పుడు ఆఫీసు కాల్స్‌లో ఇబ్బంది లేదు.

పాలకొల్లు_సిస్టర్:

థాంక్స్ అండీ. అదీ చేశాను. సబ్‌టైటిల్స్ ఉంటే నా కళ్లు చదివేసుకుంటున్నాయి, చెవికి పనే ఉండట్లేదు. తీసేస్తే మళ్లీ మొదటికే వస్తోంది.

లీడ్స్_అక్క:

చెల్లీ, నీ పోస్టు డ్యూటీ దిగి బస్సులో చదివాను. ఇంటికి వచ్చి స్నానం చేసి వెంటనే రాయడానికి కూర్చున్నాను. ఆరేళ్ల కిందట నేనున్న చోటే నువ్వున్నావు. మాది రేపల్లె వైపు, నాదీ తెలుగు మీడియమే. ఇప్పుడు ఇక్కడ ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో సర్జికల్ వార్డులో చేస్తున్నాను.

ముందు ఒక మాట. నీకు ఇంగ్లీషు రాకపోవడం కాదు. 'బీన్', 'ఆఫ్', 'ఇట్', ఈ మూడూ నీకు ఆరో తరగతి నుంచి తెలిసిన మాటలే. ఆ వాక్యంలో నీకు తెలియని మాట ఒక్కటి కూడా లేదు. అయినా అందలేదు. ఎందుకో చెబుతాను.

మనం తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వాటా దానికి ఇస్తాం. ఇంగ్లీషు వాళ్లు అలా ఇవ్వరు. వాక్యం మొత్తంలో రెండు మూడు మాటల మీద బరువు వేసి, మధ్యలో ఉన్న చిన్న మాటల్ని మింగేస్తారు. పైగా మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. వాళ్ల బస్, కార్ కూడా మన దగ్గర బస్సు, కారు అయ్యాయి. హల్లుతో ఆగిపోయే మాట మన చెవికి పూర్తయినట్టు ఉండదు. వాళ్లకేమో హల్లుతో ముగిసిన మాట, పక్కన అచ్చు కనిపించగానే వెళ్లి దానికి అతుక్కుంటుంది. 'ఆఫ్', 'ఇట్' కలిసి 'ఆఫిట్'. 'బీన్' పొట్టిదైపోయి దాని ముందు చేరితే 'బినాఫిట్'. నీ చెవి విన్నది కరెక్టే. దాన్ని ఎక్కడ విడగొట్టాలో తెలియలేదు, అంతే.

పదో తరగతిలో ఉత్వ సంధి చదివాం గుర్తుందా? రాముడు, అతడు కలిస్తే రాముడతడు. ఇంగ్లీషుకీ సంధులున్నాయి. కాకపోతే రాతలో చూపించరు, నోటితో చేసేస్తారు. మనకి స్కూల్లో ఇంగ్లీషు రాతతో నేర్పారు. సంధి విడదీయడం నేర్పలేదు.

ఇది మన దగ్గరా ఉన్నదే. నేను విజయవాడలో చేసినప్పుడు మా వార్డులో ఒక కేరళ సిస్టర్ ఉండేది. పుస్తకం కొనుక్కుని తెలుగు నేర్చుకుంది. 'ఏమి చేస్తున్నావు' అని మెల్లగా అడిగితే చక్కగా జవాబు చెప్పేది. పేషెంటు బంధువులు వచ్చి 'ఏంజేస్తన్నావమ్మా, ఇంకా రాలేదేంటి డాక్టరుగారు' అని గబగబా అంటే నా ముఖం వైపు చూసేది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇక్కడికి వచ్చాక ఆ అమ్మాయి చాలాసార్లు గుర్తొచ్చింది.

ఇక నువ్వు చేస్తున్నదాంట్లో ఏం మార్చాలో చెబుతాను. బస్సులో పాటలు, వంటింట్లో వార్తలు, ఇవి వినడం కాదు చెల్లీ. చెవిలో పడుతున్నాయి, అంతే. అందని ముక్క అందకుండానే వెళ్లిపోతుంది, నువ్వు ముందుకి వెళ్లిపోతావు. నాలుగు నెలల్లో నీ చెవి బాగా నేర్చుకున్నది వదిలేయడమే. అందుకే మార్కులు తగ్గాయని నా అభిప్రాయం. ముప్పై రోజుల వీడియోలైతే ఇవాళ్టితో ఆపేయ్. అందులో టీచరు నీకు అర్థం కావడం కోసం ఒక్కో మాటా విడదీసి పలుకుతారు. పేషెంటు అలా పలకదు.

నేను చేసింది ఇదీ. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. రేడియో ఇంటర్వ్యూ ఒకటి తీసుకుని అందులో ఒకటిన్నర నిమిషం మాత్రమే కత్తిరించుకునేదాన్ని. అంతకంటే ఎక్కువ వద్దు. ముందు రాయకుండా మూడుసార్లు వినడం. తర్వాత నాలుగైదు మాటలకొకసారి ఆపుతూ, విన్నది విన్నట్టు పెన్నుతో రాయడం. అందని చోట ఖాళీ వదిలేయకుండా, ఆ శబ్దం ఎలా వినిపించిందో తెలుగు లిపిలో రాసుకునేదాన్ని. ఇది మాత్రం వదలకు. 'కపటీ' అని రాశాను ఒకసారి. స్క్రిప్ట్ చూస్తే 'కప్ ఆఫ్ టీ'. 'షుడబిన్' అని రాస్తే 'షుడ్ హావ్ బీన్'. 'టెలిమ్' అంటే 'టెల్ హిమ్'. ఎర్ర పెన్నుతో పక్కన అసలు మాట రాసి, ఆ ముక్కని వాళ్లతో పాటే గొంతెత్తి పది పదిహేనుసార్లు పలకాలి, వాళ్లు మింగినట్టే మింగుతూ. నోరు ఒకసారి చేసిన సంధిని చెవి తర్వాత గుర్తుపడుతుంది. ఇది నా అనుభవం.

ఒకటిన్నర నిమిషానికి మొదట్లో గంట పట్టేది. నెల తిరిగేసరికి ఇరవై నిమిషాలకి వచ్చింది. ఎర్ర పెన్ను పడిన చోట్లు చూస్తే కష్టమైన మాటలు దాదాపు లేవు. అన్నీ 'ఆఫ్', 'టు', 'హావ్', 'వజ్', 'దెమ్'.

ఏం వినాలి అంటావా. మొదట బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వాళ్ల సిక్స్ మినిట్ ఇంగ్లీష్. ఆరు నిమిషాలే, వెబ్‌సైట్‌లో స్క్రిప్ట్ ఉంటుంది. దాన్ని చాలామంది వాడే పద్ధతి వేరు, నేను చెప్పేది వేరు. ఇద్దరు యాంకర్లు మాట్లాడేది నేర్చుకునేవాళ్ల కోసం, స్పష్టంగా ఉంటుంది. అది నీకు ఎలాగూ అర్థమవుతుంది. మధ్యలో వేరే బీబీసీ ప్రోగ్రాముల్లోంచి ఒక డాక్టరో, ఒక ప్రొఫెసరో మాట్లాడిన చిన్న క్లిప్పులు వేస్తారు. అది అసలు రేడియో మాట. నువ్వు నోట్‌బుక్‌లో రాయాల్సింది ఆ క్లిప్పు.

అది అలవాటయ్యాక బీబీసీ వరల్డ్ సర్వీస్ రేడియోలో అవుట్‌లుక్. 1966 నుంచి వస్తున్న ప్రోగ్రాం. మామూలు మనుషులు తమ జీవితంలో జరిగింది చెబుతారు, రకరకాల దేశాల యాసలు వినిపిస్తాయి. హెల్త్ చెక్ అని ఇంకొకటి ఉంది, అది మన పనికి దగ్గర. ఓఈటీ పార్ట్ సీలో వచ్చే ఇంటర్వ్యూలకి ఈ రెండూ బాగా పనికొచ్చాయి నాకు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బీబీసీ రేడియో 4లో వచ్చే డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్. 1942లో మొదలైంది. వచ్చిన అతిథి ఒంటరి దీవికి వెళ్తే తీసుకెళ్లే 8 పాటలు, ఒక పుస్తకం, ఒక విలాస వస్తువు చెప్పాలి. ప్రతి వారం మనిషి మారతాడు, ప్రశ్నల వరస మాత్రం అదే. తర్వాత ఏం అడగబోతున్నారో నీకు ముందే తెలుసు కాబట్టి చెవికి ఒక ఆసరా ఉంటుంది. మా అమ్మ పోయినప్పుడు, మా పెళ్లిలో, మేం ఊరు మారినప్పుడు అంటూ పాట ఎందుకో చెబుతారు. అవన్నీ మనకీ తెలిసిన సంగతులే. స్క్రిప్ట్ ఉండదు. ఫోన్‌లో లైవ్ క్యాప్షన్ ఆన్ చేస్తే వినిపించే మాటలు అక్షరాల్లో చూపిస్తుంది, దాంతో సరిచూసుకో. మందుల పేర్ల దగ్గర మాత్రం దాన్ని నమ్మకు.

అమెరికా వెళ్లేవాళ్లు ఈ పోస్టు చదువుతుంటే, అక్కడి పబ్లిక్ రేడియో ఎన్‌పీఆర్‌లో వచ్చే ఫ్రెష్ ఎయిర్ ఇంటర్వ్యూలకి వెబ్‌సైట్‌లో స్క్రిప్టులు ఉంటాయి. అక్కడ 'వాటర్' అన్నది 'వాడర్' లాగా వినిపిస్తుంది, అది వేరే కథ.

నర్సులకి రెండు చోట్ల ప్రమాదం. మొదటిది 'కెన్', 'కాంట్'. చివరి 'ట్' వినబడుతుందా అని చూడకు. 'కాంట్ టేక్' అన్నప్పుడు ఆ 'ట్' పక్క మాటలో కలిసిపోతుంది. అచ్చు చూడు. తీసుకోగలను అన్నప్పుడు 'ఐ కన్ టేక్' అని ముక్కులోంచి పొట్టిగా వెళ్లిపోతుంది. తీసుకోలేను అన్నప్పుడు 'కా' అని సాగుతుంది, బరువు పడుతుంది. పెన్సిలిన్ పడుతుందా పడదా అన్నది ఆ ఒక్క దీర్ఘం మీద ఉంటుంది. రెండోది ఫిఫ్టీన్, ఫిఫ్టీ. పదిహేనుకి బరువు వెనక, 'టీన్' మీద. యాభైకి బరువు ముందు. ఇక్కడ మా వార్డులో ఫోన్‌లో డోసు చెప్పేటప్పుడు 'ఫిఫ్టీన్, వన్ ఫైవ్' అని అంకెలు కూడా విడిగా చెబుతారు. ఇంగ్లీషే మాతృభాష అయినవాళ్లు కూడా ఇలాగే చెబుతారు. అంటే వాళ్లకీ ఇది కష్టమేనన్నమాట. నువ్వు కంగారు పడక్కర్లేదు.

పరీక్ష దాటాక కూడా చెవి పని అయిపోదు. నేను వచ్చిన మొదటి నెలలో ఒక పెద్దాయనని ఆపరేషన్‌కి ముందు ఏమైనా తిన్నారా అని అడిగాను. 'నౌట్, లవ్' అన్నారు. నౌట్ అంటే మా లీడ్స్ ఉన్న యార్క్‌షైర్ వైపు ఏమీ లేదు అని. నాకు తెలియదు. తిన్నాను అంటున్నారా, తినలేదు అంటున్నారా? పక్కనున్న హెల్త్‌కేర్ అసిస్టెంట్‌ని పిలిచి మళ్లీ అడిగించాను. ఆ రోజు నుంచి పొద్దున టీ కాచుకునేటప్పుడు రేడియో లీడ్స్ పెట్టుకుంటున్నాను. ఊళ్లో వాళ్లు ఫోన్ చేసి రోడ్ల గురించి, చెత్త బండ్ల గురించి మాట్లాడతారు. ఒంట్లో బాగోలేదు అనడానికి 'పూర్లీ' అంటారని, బాత్రూంకి వెళ్లాలి అనడానికి పెద్దవాళ్లు 'స్పెండ్ ఎ పెన్నీ' అంటారని, ఇవన్నీ అలా పట్టుకున్నవే. ఇవి నీకు ఇప్పుడు అవసరం లేదు. ముందు ఆ 350 తెచ్చుకో.

కాజీపేట_గార్డు:

అమ్మాయ్, నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు. లీడ్స్ అమ్మాయి చెప్పినదంతా బాగుంది. పాటల గురించి మాత్రం నేను వేరే మాట చెప్పాలి.

మా నాన్నగారు లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. పక్క క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. డిసెంబరు వచ్చిందంటే జిమ్ రీవ్స్ అనే అమెరికా గాయకుడి రికార్డులు సాయంత్రం నుంచి రాత్రి దాకా మోగేవి. ఆయన గొంతు మెల్లగా, చెవి దగ్గర కూర్చుని చెప్పినట్టు ఉంటుంది. ఒక్క మాట కూడా వాయిద్యాల కింద పడి పోదు. ఆ ఇంటి అమ్మగారు నాతో పాట మొత్తం కాగితం మీద రాయించేవారు. తప్పు రాసిన చోట సూది వెనక్కి పెట్టి మళ్లీ వినిపించేవారు. అంటే లీడ్స్ అమ్మాయి నోట్‌బుక్కే, రికార్డు మీద జరిగింది. కాబట్టి పాట దండగ అనకు. బస్సులో చెవిలో పోసుకునే పాట దండగ. రాసుకుని, పాడుకున్న పాట నోటిని తిప్పుతుంది. మాట మీద ఎక్కడ బరువు వేయాలో తాళమే చెప్పేస్తుంది, తాళం తప్పితే నీకే తెలిసిపోతుంది. కార్పెంటర్స్ అనే అన్నాచెల్లెళ్ల జట్టు పాటలు కూడా అలాంటివే, అందులో పాడే కారెన్ అనే అమ్మాయి ఉచ్చారణ అద్దంలా ఉంటుంది. గడగడా మాటలు దొర్లించే పాటలు ఇప్పుడే వద్దు.

ఇంకో సంగతి. మా రోజుల్లో షార్ట్‌వేవ్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా స్పెషల్ ఇంగ్లీష్ అని వచ్చేది. 1959లో మొదలుపెట్టారు. సుమారు 1500 మాటలతోనే వార్తలన్నీ, మామూలు కంటే మెల్లగా చదివేవారు. గరగర శబ్దంలో కూడా అర్థమయ్యేది. నాకు ధైర్యం వచ్చింది దానివల్లే. మెల్లగా వినడం మొదటి మెట్టు, దాన్ని దాటేయమని చెప్పకూడదు.

క్రికెట్ కామెంటరీ గురించి చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. ఆకాశవాణిలో కాసేపు ఇంగ్లీషు, కాసేపు హిందీ వచ్చేది. ఇంగ్లీషులో పోయిన ముక్క హిందీలో దొరికేది. స్కోరు ఎలాగూ ఇద్దరూ చెబుతారు కదా, అంకెలు చెవికి గట్టిపడ్డాయి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ గొడవ మాకూ ఉండేది. స్టేషన్ మాస్టర్లు రైలు విషయం ఖాయం చేసుకోవడానికి ఒకరికొకరు ఫోన్‌లో ప్రైవేట్ నంబర్ అనే అంకెలు చెప్పేటప్పుడు అంకె అంకె విడదీసి చెప్పేవాళ్లు. ప్రాణాలతో పని ఉన్న ప్రతి చోటా అంతేననుకుంటాను.

లీడ్స్_అక్క:

అంకుల్ గారూ, పాట రాయించడం గురించి మీరు చెప్పింది నేను ఒప్పుకుంటాను. నాకు తట్టలేదు. మెల్లగా వినడం మీద మాత్రం ఒక్క మాట. అసలు మొదలుపెట్టేవాళ్లకి అది సరైన దారే. ఈ అమ్మాయి ఆ మెట్టు దాటేసింది, మెల్లగా చెబితే అన్నీ అర్థమవుతున్నాయి. వేగం తగ్గిస్తే ఆ సంధులే విడిపోతాయి, ఇక నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. చెల్లీ, యూట్యూబ్‌లో వేగం 0.75కి పెట్టుకోవాలనిపిస్తే ఒక్కసారి, ఎర్ర పెన్ను పట్టుకున్నాక సరిచూసుకోవడానికి మాత్రమే పెట్టు. ఆ తర్వాత మళ్లీ మామూలు వేగంలో విను.

పాలకొల్లు_సిస్టర్:

ఆరు వారాలైంది, చెప్పకుండా ఉండలేక వచ్చాను. కూకట్‌పల్లి రైతుబజార్ దగ్గర స్టేషనరీ షాపులో లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. 61 పేజీలు నిండాయి. నాలుగు రోజులు మానేశాను, మూడు నైట్ డ్యూటీ వల్ల, ఒకటి జ్వరం వల్ల.

మొదటి వారం ఏడుపొచ్చింది. ఒక పెద్దాయన తన గుండె ఆపరేషన్ గురించి రేడియోలో చెబుతున్నాడు. ఒకచోట నాకు స్పష్టంగా 'వుడెన్ బిన్' అని వినిపించింది. చెక్క డబ్బా. ఆపరేషన్ కథలో చెక్క డబ్బా ఎందుకొచ్చిందో అర్థం కాక ఎనిమిదిసార్లు విన్నాను, ఎనిమిదిసార్లూ చెక్క డబ్బానే. అసలు వాక్యం 'ఐ వుడ్ నాట్ హావ్ బీన్ హియర్'. ఆ డాక్టరు లేకపోతే నేనిక్కడ ఉండేవాడిని కాదు అంటున్నాడు. ఆ ఇంటర్వ్యూ మొత్తానికి ముఖ్యమైన మాట అదే, నేను దాన్ని చెక్క డబ్బా అనుకున్నాను. ఎర్ర పెన్నుతో రాసి ఇరవైసార్లు పలికాను. ఇప్పుడు 'వుడ్', 'కుడ్', 'షుడ్' ఏది వచ్చినా, వెనక నక్కిన 'హావ్' వినబడుతోంది.

గార్డు గారూ, మీరు చెప్పినట్టు ఆదివారాలు ఒక పాట రాస్తున్నాను. మా రూమ్మేట్ కూడా కలిసింది. ఇద్దరం బట్టలు ఉతుకుతూ పాడుతున్నాం.

ఇంకొకటి చెప్పాలి. మొన్న మంగళవారం మా ఐసీయూలో ఒక తాతగారి మనవరాలు వచ్చింది. లండన్‌లో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడలేదు. తాతగారితో వారం రోజులు ఇంట్లో ఉన్నది తనే. ఆత్రంలో గబగబా చెబుతోంది. అందులో 'హీజ్ బినాఫిజ్ ఫుడ్' అంది. నేను ఆగిపోయాను. బీన్, ఆఫ్, హిజ్. మళ్లీ చెప్పమని అడగలేదు. 'ఎప్పటి నుంచి అన్నం తినడం మానేశారు?' అని ఇంగ్లీషులోనే అడిగాను. శుక్రవారం నుంచి అంది. అంటే నాలుగు రోజులు సరిగ్గా తిండి లేదు, షుగర్ మాత్రలు మాత్రం వేస్తూనే ఉన్నారు. వెంటనే డ్యూటీ డాక్టరుగారికి చెప్పాను. ఆ అమ్మాయి రిపోర్టు ఫైలు చేతిలో పట్టుకుని నా వైపే చూస్తోంది. తనతో మాట్లాడుతున్నంతసేపూ నాకు టెన్షన్ అనిపించలేదు. అది బయటికొచ్చాక గమనించాను.

పరీక్షకి ఇంకా ఐదు వారాలుంది. ప్రాక్టీస్ టెస్టుల్లో 42కి 27 దగ్గర ఉండేదాన్ని, ఇప్పుడు 31, 32 వస్తున్నాయి. పేషెంటు మాటలు వింటూ నోట్స్‌లో ఖాళీలు నింపే పార్ట్ ఏలో మాత్రం ఇంకా వెనకబడుతున్నాను. మాట అందుతోంది, రాసేలోపు తర్వాతి ఖాళీ దాటిపోతోంది.

లీడ్స్_అక్క:

చెల్లీ, నీ మంగళవారం సంగతి ఇక్కడ మా వార్డులో ఉన్న ఇద్దరు తెలుగు సిస్టర్లకి చదివి వినిపించాను.

పార్ట్ ఏలో వెనకబడటానికి కారణం నోట్‌బుక్ అలవాటే. నువ్వు ప్రతి మాటా రాయడానికి అలవాటు పడ్డావు, అక్కడ ప్రతి మాటా అక్కర్లేదు. పైగా పరీక్షలో ఒక్కసారే వినిపిస్తారు. కాబట్టి చివరి మూడు వారాలు వెనక్కి తిప్పి వినడం పూర్తిగా ఆపేయ్. ఇంటర్వ్యూ ఐదు నిమిషాలు ఆపకుండా పెట్టు. ఐసీయూలో డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ తీసుకుంటూ చెయ్యి మీద రాసుకుంటావు చూడు, అలా రెండు మూడు మాటల్లో రాయి. మొదలయ్యే ముందు ఖాళీలకి ముందూ వెనకా ఉన్న మాటలు చదువుకోవడానికి కాసేపు టైమిస్తారు. ఆ కొద్ది సెకన్లలో ఏ ఖాళీకి మందు పేరు రావాలి, ఏ ఖాళీకి రోజులు రావాలి అని పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకో. ఒక ఖాళీ పోయిందంటే పోనివ్వు, తర్వాతి దాని దగ్గర నిలబడు. నా రెండో ప్రయత్నంలో ఒక్క ఖాళీ కోసం వెనక్కి చూసి మూడు పోగొట్టుకున్నాను.

ఆదివారం నాకు ఆఫ్. మీకు సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తాను, నంబరు మెసేజ్‌లో పెట్టు. నేను పేషెంటుగా మాట్లాడతాను, మా వార్డులో ఉండే ఒక పెద్దావిడ మాట్లాడినట్టే, ఎక్కడా ఆగకుండా. నువ్వు నోట్స్ రాసి ఫోటో తీసి పంపు. ఎర్ర పెన్ను నా దగ్గరా ఉంది.